నడుముదాకా నీళ్లున్న అద్దె ఇల్లు

లిఫ్టాయనకి ఈత రాదు. ఆయన భార్యకీ రాదు. కూతురికి కూడా రాదు గానీ, వచ్చినట్టు ఫొటోలు దిగడం వచ్చు. అలాంటి ముగ్గురూ కలిసి స్విమ్మింగ్ పూల్ ఉన్న అపార్ట్‌మెంట్ కోసం నగరమంతా గాలిస్తున్నారని తెలిసి, కింద వాటా ఆవిడ ముక్కున వేలేసుకుంది. వేసుకున్న వేలు తియ్యకుండానే వీధి చివరిదాకా వెళ్లి నలుగురికీ చెప్పొచ్చింది.

ఆవిడకి తెలియనిదేమిటంటే, ఇది సరదా కాదు, మోకాళ్లు.

లిఫ్టాయన భార్య యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. పొడవాటి బల్ల మీద గుడ్డను నలభై పొరల పరుపుగా పరిచి, కరెంటు కత్తితో ఒక్క ఊపులో కోస్తుంది. కోత మొదలుపెట్టాక కూర్చోవడం, ఆగడం, ఊపిరి గట్టిగా పీల్చడం ఉండవు. కత్తి కాస్త వణికిందంటే నలభై మంది పిల్లల కాలర్లు వంకర పోతాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ బల్ల ముందు నిలబడింది. పద్దెనిమిదేళ్లూ ఏమీ అనని మోకాళ్లు ఈ ఏడు ఒక్కసారిగా నోరు విప్పాయి. మొన్న ఒక కోతలో కాలు బెసికి, నలభై చొక్కాల ఎడమ చేతులు అర అంగుళం పొట్టివైపోయాయి.

సూపర్‌వైజర్ మంచివాడు. మంచివాళ్లు చెప్పే పద్ధతిలోనే చెప్పాడు. "అక్కా, స్కూళ్ల సీజన్ మొదలయ్యేలోపు కాళ్లు బాగుచేసుకో. లేకపోతే బొత్తాల సెక్షన్‌లో హాయిగా కూర్చుందువుగాని."

బొత్తాల సెక్షన్‌లో హాయిగా కూర్చున్నవాళ్లు మళ్లీ లేచి కటింగ్ బల్ల దగ్గరికి వచ్చిన దాఖలా ఆ ఫ్యాక్టరీ చరిత్రలో లేదు.

డాక్టరు కాగితం మీద తల ఎత్తకుండానే తేల్చేశాడు. "నడుము లోతు నీళ్లలో రోజూ అరగంట నడవండి. మూడు నెలలు. ఒంటి బరువు కాళ్ల మీద పడదు, కండ గట్టిపడుతుంది."

"నీళ్లెక్కడ దొరుకుతాయండీ?"

"మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో."

ఆయన ఉండేచోట రెండు పూల్స్ ఉన్నాయట. ఒకటి పెద్దలకి, ఒకటి పిల్లలకి. లోకంలో అందరికీ కనీసం ఒకటైనా ఉంటుందని ఆ పెద్దమనిషి నమ్మకం.

నగరపాలక సంస్థ పూల్ ఒకటి ఉంది. రెండు బస్సులు మారాలి. ఆడవాళ్ల సమయం పదకొండు నుంచి పన్నెండు. పగలు పదకొండింటికి పనీపాటా లేకుండా ఖాళీగా ఉండే ఆడవాళ్లకే మోకాళ్లుంటాయని ఎవరో అధికారి బాగా ఆలోచించే నిర్ణయించి ఉంటాడు.

"మనకెందుకు బెంగ? సగం నగరం నా చేతి మీదే పైకీ కిందికీ తిరుగుతోంది. నాకు ఇల్లు దొరకదా?" అన్నాడు లిఫ్టాయన. ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. ఆ మాత్రం గీర ఉంటుంది.

గీరకి తోడు బ్రోకరు దొరికాడు. అతన్ని అందరూ 'రెడీ' అనే పిలుస్తారు. ఏం అడిగినా రెడీ అంటాడు కాబట్టి.

మొదటి ఇల్లు చూపించాడు. పూల్ మేడ మీద ఉంది. నీళ్లూ ఉన్నాయి. ఇద్దరు మనుషులు దిగితే నీళ్లు బయటికి రావాల్సిందే. "దీన్ని జకూజీ అంటారు సార్," అన్నాడు రెడీ. "మేం తొట్టి అంటాం," అంది లిఫ్టాయన భార్య.

రెండో ఇంట్లో పూల్ నిజంగా పూలే. గేటు దగ్గర బోర్డు చూస్తే, యజమానులకు మాత్రమే. "మరి అద్దెవాళ్లకి?" అనడిగితే, "బాల్కనీలోంచి వ్యూ ఉంది కదా సార్. దానికి ఎక్స్‌ట్రా ఏమీ తీసుకోరు," అన్నాడు. మూడోదానికి అద్దె విని లిఫ్టాయన కళ్లు బైర్లు కమ్మాయి. మొగుడూ పెళ్లాల జీతాలు రెండూ కలిపి ఇచ్చేస్తే ఇంట్లో ఉండొచ్చు. తినడం లాంటి దురలవాట్లు మానుకుంటే సరి.

ఇక్కడ లిఫ్టాయనకున్న ఒక అలవాటు చెప్పాలి. ఏ ఇల్లు చూడ్డానికి వెళ్లినా ఆయన వంటగది చూడడు, కుళాయి తిప్పడు. నేరుగా మేడెక్కి లిఫ్టు మెషిన్ గదిలోకి దూరతాడు. మోటారు చూస్తాడు, రోపు చూస్తాడు, గోడకి వేలాడే సర్వీసు కార్డు మీద నెలనెలా సంతకాలున్నాయో లేదో చూస్తాడు. "బిల్డింగు గుణం మెషిన్ గదిలో తెలిసిపోతుంది. అది శుభ్రంగా ఉంటే మనుషులూ శుభ్రంగా ఉంటారు," అని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతం ఇంతవరకూ తప్పలేదు. ఎందుకంటే ఇంతవరకూ ఆయన ఇల్లు మారలేదు.

నాలుగో బిల్డింగు తొమ్మిది అంతస్తులు. రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేస్తే గానీ సముద్రం కనపడని ఆ నగరంలో, ఆ బిల్డింగు పేరులో ఒక మహాసముద్రం ఉంది. అద్దె వీళ్లకి అందేలా ఉంది. చెప్పులు కొనేటప్పుడు కూడా 'ఇంత తక్కువెందుకు?' అని పది దుకాణాలు తిరిగే మనిషి, ఇంటి దగ్గర ఆ మాట అడగలేదు. అడగకపోవడానికి కారణం మెషిన్ గది. ఆపరేషన్ థియేటర్‌లా ఉంది. రోపు నిగనిగలాడుతోంది. కార్డు మీద ఒక్క నెల కూడా సంతకం తప్పలేదు. లిఫ్టాయన గుండె నిండిపోయింది. బయటికొచ్చి పిట్టగోడ మీంచి కిందికి చూశాడు. ఎండలో పూల్ నీలంగా మెరిసిపోతోంది.

"కిందికెళ్లి కూడా చూస్తారా సార్? తాళం చెవి తెప్పించాలి. మెయింటెనెన్స్ టైము కదా..." అని నసిగాడు రెడీ.

"అక్కర్లేదు. పైనుంచి చూశాను," అన్నాడు లిఫ్టాయన.

ఆ రోజు ఆయన భార్య ఫ్యాక్టరీలో ఉంది. ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

సామాన్లు దించుకున్న మర్నాడు పొద్దున్నే ఆవిడ పూల్‌కి బయల్దేరింది. గేటు దగ్గర 'స్విమ్మింగ్ కాస్ట్యూమ్ తప్పనిసరి' అని బోర్డు ఉందని కూతురు చెబితే, ఆవిడ ముందే సిద్ధమైంది. కాస్ట్యూమ్ అంటే ఏమిటో నిర్ణయించే హక్కు తనకి తప్ప ఎవరికుంది? ఫ్యాక్టరీలో మిగిలిన స్పోర్ట్స్ గుడ్డ తెచ్చి, మోచేతులదాకా చేతులు, పిక్కలదాకా ప్యాంటు పెట్టి ముదురు నీలం రంగులో ఒక జత కోసి కుట్టుకుంది. భుజం మీద ఏదో స్కూలు ముద్ర సగం పడింది. బాగానే ఉంది, ఏదో పోటీకి వెళ్తున్నట్టు.

తువ్వాలు భుజాన వేసుకుని, పూల్‌కి వెళ్లే మెట్టు మెట్టుకీ పళ్లు బిగపట్టి, పూల్ గేటు తోసింది.

పూల్ నీలంగానే ఉంది. నీలం టైల్సు. కుడి మూల విరిగిన కుర్చీలు, ఎవరో వదిలేసిన ట్రెడ్‌మిల్. నడిమధ్యలో ట్రాక్‌సూట్ వేసుకున్న ఒక పెద్దమనిషి చేతులు ఊపుకుంటూ పొడి నేల మీద చుట్లు కొడుతున్నాడు. ఆయనే అసోసియేషన్ సెక్రటరీ.

"నీళ్లేవండీ?" అనడిగింది ఆవిడ.

"ఏ నీళ్లు?"

"పూల్‌లో ఉండే నీళ్లు."

"అవి తీసేసి నాలుగేళ్లయిందమ్మా. చూసుకోలేదా?"

"మా ఆయన పైనుంచి చూశారు."

సెక్రటరీ తలెత్తి తొమ్మిదో అంతస్తు కేసి ఒకసారి చూశాడు. "పైనుంచి అందరికీ బాగానే కనిపిస్తుందమ్మా. అందుకే ఆ టైల్సు తియ్యలేదు."

"నేను నడవడానికొచ్చానండీ."

"భేషుగ్గా నడవండి. నేనూ నడుస్తున్నాగా? ఎడమ చేతి వైపు నుంచి రండి, ఇక్కడ అదే రూలు."

ఆవిడ ఇంటికొచ్చి తువ్వాలు మడిచి బీరువాలో పెట్టింది. ఆవిడ ఏమీ అనకపోతే ఆ ఇంట్లో ఫ్యాన్ చప్పుడు కూడా తిట్టినట్టే వినిపిస్తుంది. చివరికి లిఫ్టాయనే ఉండబట్టలేక, "నీలంగా కనిపించిందే!" అన్నాడు.

"తొమ్మిదో అంతస్తు మీంచి చూసి ఇల్లు ఖాయం చేసిన మగాణ్ణి మిమ్మల్నే చూశాను. నన్ను కూడా అలా పైనుంచి చూసే చేసుకున్నారా?"

"నీకు అప్పుడు మోకాళ్లు బాగానే ఉండేవి..."

"నాన్నా, వద్దు. ఇంకా కిందికి దిగిపోతున్నావు," అంది కూతురు.

రెడీకి ఫోన్ చేస్తే చల్లగా సమాధానమిచ్చాడు. "పూల్ రెడీ సార్. నీళ్లే రావాలి." ఖాళీ చేసి పోదామంటే పదకొండు నెలల ఒప్పందం. సంతకం లిఫ్టాయనదే, అదీ అందంగా, రెండు గీతలు కొట్టి మరీ. సీజన్‌కి మిగిలింది మూడున్నర నెలలు.

ఆ ఆదివారం లిఫ్టాయన పూల్‌లోకి దిగాడు. తన తప్పు తను దగ్గర్నుంచి చూసుకోవడానికే దిగాడేమో గానీ, దిగాక వృత్తి ఊరుకోదు కదా. లిఫ్టు గుంటలో దిగినవాడు ముందు గోడల మీద మరకలు చూస్తాడు. నూనె ఎక్కణ్ణుంచి కారింది, ఎక్కడ ఆగింది, ఎంతకాలం నిలిచింది అన్నీ మరకలే చెప్తాయి. ఇక్కడా చూశాడు. పూల్ లోతు అయిదడుగులు. అడుగు నుంచి మూడడుగుల పైన, నాలుగు గోడల చుట్టూ గీత గీసినట్టు తెల్లటి చార ఒకటి. ఆ చారకి ఆనుకునే పైన, గోడలో బిగించిన లైటు. లైటు అద్దం అడ్డంగా చిట్లి ఉంది.

పార్కింగ్‌లోకి పరిగెత్తాడు. పూల్ కింద సరిగ్గా ఆ లైటు ఉన్నచోట, కప్పులోంచి దిగిన వైరు గొట్టం చుట్టూ పాత తడి మచ్చ. మచ్చ కింద ఒక కారు. కారు సెక్రటరీది.

ఇంకేముంది, తీగ దొరికింది. పూల్ మొత్తం కారడం లేదు. చిట్లిన లైటులోంచి వైరు గొట్టంలోకి నీళ్లు పోయాయి. లైటు మట్టం దిగగానే కారడం ఆగిపోయింది, ఆ ఆగినచోటే చార కట్టింది. మిగతా మూడడుగుల నీళ్లు చుక్క పోకుండా నిలబడితే, ఆ నిలబడ్డ నీళ్లని మనుషులే మోటారు పెట్టి మరీ తోడి పారబోశారు.

సెక్రటరీ ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాడు.

"కాంట్రాక్టరు మొత్తం పగలగొట్టాలన్నాడే!" అన్నాడు సెక్రటరీ.

"పగలగొట్టడమే అతని వ్యాపారం సార్. మూడడుగులదాకా నింపండి, చుక్క కారదు. నాది పూచీ."

"మూడడుగులా? నడుము లోతు నీళ్లు పెట్టుకుని దాన్ని స్విమ్మింగ్ పూల్ అంటారా? పక్క బిల్డింగు వాళ్లు నవ్వరూ?"

"ఇప్పుడేమంటున్నారు సార్?"

"'నిర్వహణలో ఉంది' అంటున్నాం. అందులో ఒక గౌరవం ఉంది."

అసలు సంగతి గౌరవం కాదని ఇద్దరికీ తెలుసు. పొద్దున్నే బళ్లూ కుక్కలూ అడ్డురాకుండా సెక్రటరీ సుఖంగా నడిచే చోటు నగరం మొత్తం మీద ఆ పూల్ ఒక్కటే. పైగా కారు.

"పోనీ, మీటింగులో అడుగుతాను," అన్నాడు లిఫ్టాయన.

"అద్దెవాళ్లకి మాట్లాడే హక్కు లేదండీ. రావచ్చు. వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు. చప్పట్లు కొట్టొచ్చు."

లిఫ్టాయన ఉసూరుమంటూ ఇంటికొచ్చి చెబితే, ఆవిడ విని, "మీరు గోడలు చూశారు. ఇక మనుషుల్ని నేను చూస్తాను," అంది.

ఎలా చూసిందంటే, రెండో అంతస్తులో ఉంటూ సాయంత్రాలు ఊరికే లిఫ్టులో తొమ్మిదిదాకా వెళ్లి రావడం మొదలుపెట్టింది. కొలతలు తీసుకునే కళ్లు కదా, మనిషి ఎక్కగానే బరువు ఏ కాలి మీద వేసిందో పట్టేస్తుంది. మూడో రోజు ఎనిమిదో అంతస్తులో ఒక పెద్దావిడ ఎక్కింది. లిఫ్టు కమ్మీ పట్టుకుని నిలబడింది.

"కుడి మోకాలా పిన్నిగారూ?"

"నీకెవరు చెప్పారే అమ్మాయ్?"

"మీ ఎడమ చెప్పు చెప్పింది. అదొక్కటే అరిగింది."

ఆవిడ సెక్రటరీ భార్య. నేల మీదికి వచ్చేసరికి ఇద్దరూ మోకాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేసుకున్నారు. కబుర్లు తెమలక మళ్లీ తొమ్మిదికి వెళ్లారు. పెద్దావిడకీ డాక్టరు నీళ్లలో నడవమనే చెప్పాడట. మొగుడు మాత్రం సంకల్పబలం ఉంటే నొప్పి ఉండదని చెప్పి, తను మాత్రం పొడి పూల్‌లో రోజూ నడిచొస్తున్నాడట. తొట్టి కట్టిస్తానన్నాడట ఒకసారి, బాత్రూములో. లైటు సంగతి, మూడడుగుల సంగతి ఆయన ఇంట్లో మాటవరసకైనా అనలేదు.

అసోసియేషన్ మీటింగు రానే వచ్చింది. మొదటి అంశం, గేటుకి వేసే రంగు. మీగడ రంగా, దంతపు రంగా అని పెద్దలు ముప్పావుగంట కొట్టుకున్నారు. రెండు రంగుల మధ్య తేడా అక్కడున్న ఒక్కరికీ తెలియదు. తెలియకపోవడం వల్లే చర్చ అంత బాగా సాగింది. వెనక కుర్చీల్లో లిఫ్టాయన కుటుంబం హక్కు ప్రకారం చప్పట్లు కొట్టింది.

"మిగతా అంశాలు వచ్చే నెల..." అని సెక్రటరీ పుస్తకం మూస్తుండగా ఆడవాళ్ల వరసలోంచి ఒక గొంతు లేచింది.

"నా మోకాలు ఎన్నో అంశమండీ?"

ఆ గొంతు సెక్రటరీ భార్యది.

"అది... అది ఇంటి విషయం. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడు సెక్రటరీ.

"ఇంట్లో అడిగితే అసోసియేషన్‌లో పెట్టాలంటారు. ఇక్కడ అడిగితే ఇంటి విషయమంటారు. మధ్యలో లిఫ్టులో అడగమంటారా?"

"నీళ్లు కారతాయే! కారు మీద..."

"కారవని ఆ మెకానిక్ మన ఇంటికొచ్చి చెప్పాడా లేదా? నేనేమో లోపల గదిలో మందు రాసుకుంటూ ఉన్నాను, నాకు వినపడలేదనుకున్నారు. కారుకి గొడుగు వేయిస్తాను. నాకు నీళ్లు పెట్టించండి."

మరో ముగ్గురు ఆడవాళ్లు లేవాలని చూశారు. మోకాళ్ల వల్ల వెంటనే లేవలేకపోయారు గానీ ఉద్దేశం అందరికీ అర్థమైంది.

తీర్మానం అయింది. మూడు నెలలు ప్రయోగాత్మకంగా మూడడుగులదాకా నింపాలి. ఫిల్టరు మోటారు బాగుచేసే బాధ్యత అద్దెకున్న మెకానిక్‌ది, ఏదైనా తేడా వస్తే తిట్లు కూడా అతనివే. స్విమ్మింగ్ పూల్ అనే మాటకి మచ్చ రాకుండా మినిట్స్ పుస్తకంలో దాన్ని 'పరిమిత జల వినియోగ ప్రాంతం' అని రాయాలి. సెక్రటరీ స్వహస్తంతో రాశాడు.

లిఫ్టాయన మూడు సాయంత్రాలు మోటారు ముందు కూర్చుని బేరింగులు మార్చాడు. కుర్చీలూ ట్రెడ్‌మిల్లూ పైకొచ్చాయి. నీళ్లు నింపారు. సెక్రటరీ రెండు పూటలు తన కారు పక్కన కుర్చీ వేసుకుని కప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. పాపం, చుక్క కూడా రాలేదు.

తీరా ఆవిడ దిగబోతే ఇంకో తంటా. దిగడానికి ఉన్నది నిలువు ఇనప నిచ్చెన. అయిదడుగుల నీళ్లలో ఈదుకుంటూ వచ్చేవాళ్ల కోసం పెట్టిన నిచ్చెన. దాని కింది మెట్టుకీ నేలకీ మధ్య రెండడుగుల ఖాళీ. మోకాళ్లు బాగుంటే గానీ మోకాళ్లు బాగుచేసే నీళ్లలోకి దిగలేరు. ఇలాంటి తెలివి ఇంజనీర్లకి తప్ప ఇంకెవరికీ రాదు.

"ఉండు. నా దగ్గర చైన్ పుల్లీ ఉంది. పైన ఒక కడ్డీ బిగించి, కుర్చీ కట్టి, నిన్ను మెల్లగా దించుతాను. అయిదు వందల కిలోలదాకా గ్యారంటీ," అన్నాడు లిఫ్టాయన ఉత్సాహంగా.

ఆవిడ ఆయన కేసి చూసిన చూపుకి నీళ్లు ఇంకో అంగుళం దిగి ఉంటాయి.

"నాన్నా, ఆ కిలోల మాట అనకుండా ఉండాల్సింది," అంది కూతురు.

వాచ్‌మన్ తల గోక్కుని హాల్లోకి వెళ్లి, వేదిక ఎక్కడానికి వాడే చెక్క మెట్లు ఈడ్చుకొచ్చాడు. సెక్రటరీ ప్రసంగించే రోజున తప్ప వాటికి ఏ పనీ లేదు. నాలుగు వెడల్పు మెట్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. తేలిపోకుండా అడుగున రెండు ఇసుక బస్తాలు కట్టి నీళ్లలోకి దింపారు. అచ్చు కొలత తీసి చేయించినట్టు కూర్చున్నాయి.

స్కూలు పిల్లలా ముదురు నీలం బట్టల్లో ఆవిడ ఒక్కో మెట్టూ దిగింది. నీళ్లు నడుముదాకా వచ్చాయి. కమ్మీ వదిలేసింది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. ముఖంలో ఏదో సడలింది. నెలల తరబడి బిగపట్టిన పళ్లు అప్పుడే వదిలిందని లిఫ్టాయనకి అర్థమైంది.

"వీపు నిటారుగా పెట్టు! మడమ ముందు వెయ్యి! చేతులు..."

"మీరెళ్లి లిఫ్టులకి చెప్పుకోండి."

వెనకే పెద్దావిడ దిగింది. ఆవిడకీ అదే గుడ్డలో ఒక జత తయారైంది, ముద్ర మాత్రం వేరే స్కూలుది. వారం తిరిగేసరికి నీళ్లలో ఆరుగురయ్యారు. సెక్రటరీ పూల్ గట్టు మీదే చుట్లు కొట్టడం మొదలుపెట్టాడు, ఎడమ చేతి వైపు నుంచి. నీళ్లలోని వాళ్లు మాత్రం ఇష్టమొచ్చిన వైపు నడిచేవాళ్లు.

నొప్పి మంత్రం వేసినట్టేమీ పోలేదు. మొదటి నెల అసలు తేడా లేదు. రెండో నెలలో మెట్లు దిగేటప్పుడు పళ్లు బిగపట్టడం మానేసింది. మూడో నెలలో ఒక రోజు కుక్కర్ దించడానికి గబుక్కున లేచింది. లేచిన సంగతి ఆవిడకి తెలియలేదు గానీ, గుమ్మంలో నిలబడ్డ లిఫ్టాయన చూశాడు. చూసి, నోరు జారితే దిష్టి తగులుతుందేమోనని గిరుక్కున తిరిగి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

సీజన్ మొదటి రోజు వచ్చింది. సూపర్‌వైజర్ బొత్తాల సెక్షన్‌కి వెళ్లేవాళ్ల కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని ముందు రోజే తెలిసింది. ఆ రోజు పొద్దున లిఫ్టాయన ఏ బిల్డింగులో ఏ లిఫ్టు బాగుచేస్తున్నాడో ఆయనకే తెలియదు. బిగించిన నట్టునే మళ్లీ బిగించాడు. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది, ఫోన్ రాలేదు. ఇక ఆగలేక, ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఆగిన లిఫ్టు కప్పు మీద నిలబడే తనే చేశాడు.

"ఏమైంది?" అన్నాడు. గుంటలో ఆ మాట మూడుసార్లు మోగింది.

వెనక కత్తి రొద, ఎవరో "అక్కా, పొరలు సర్దాం!" అని అరుపు.

"ఏమవుతుంది? మూడో పరుపు కోస్తున్నాను."

"కాగితం?"

"ఆయన జేబులోనే ఉంది. పొద్దున్నించీ నా బల్ల పక్కనే నిలబడి చూశాడు. ఇందాకే కాళ్లు పీకుతున్నాయని వెళ్లి కూర్చున్నాడు."

"నువ్వు కూర్చుని మాట్లాడుతున్నావా, నిలబడేనా?"

"నిలబడే. ఇంక పెట్టెయ్యండి, కత్తి ఆన్‌లో ఉంది."